అత్తయ్య ఆపేసిన ప్రయోగం

నేను సైకాలజీ చదువుతున్నానంటే మా బంధువుల్లో సగంమంది అరచెయ్యి చాపేవారు, మిగతా సగంమంది ఓ అడుగు వెనక్కి వేసేవారు. చాపినవాళ్ళ లెక్కలో నేను జాతకాలు చెప్పేదాన్ని, వెనక్కి తగ్గినవాళ్ళ లెక్కలో పిచ్చాసుపత్రి మనిషిని. "నా మనసులో ఇప్పుడేముందో చెప్పు చూద్దాం" అని పెళ్ళిళ్ళలో పట్టుకునేవారు. పంక్తి ఎప్పుడు వేస్తారా అని ఉందని చెబితే, నిజమే గనక మారుమాట్లాడేవారు కాదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని అమ్మ నాకు రోజూ చెప్పేది. నాకు ఊరంతటితో పనిలేదని నేను రోజూ జవాబిచ్చేదాన్ని.

1998లో నాది ఆనర్స్ ఆఖరి సంవత్సరం. రాజమండ్రిలో యూనివర్సిటీ సెంటరు, ధవళేశ్వరంలో ఇల్లు. నాన్న సూర్యనారాయణమూర్తి గారు ఇరిగేషన్ ఆఫీసులో హెడ్ క్లర్కు. ఇంట్లో నాన్న, అమ్మ, నేను కాక నాన్న చెల్లెలు కనకవల్లి అత్తయ్య ఉండేది.

చిన్నప్పుడు అత్తయ్యకి పెద్ద జ్వరం వచ్చిందట. బతికింది గానీ మాట నెమ్మదైపోయింది. ఏదైనా అడిగితే జవాబు రావడానికి చాలాసేపు పట్టేది. అంత ఓపిక మా ఇంట్లో ఎవరికుంది? మొదట జవాబు కోసం ఆగడం మానేశారు, తర్వాత అడగడమే మానేశారు. మూడో క్లాసులో బడి మాన్పించారు. పెళ్ళి ఊసు ఎవరూ ఎత్తలేదు. ఇంటిల్లిపాది బట్టలూ, వంటా, బామ్మ బతికున్నన్నాళ్ళూ ఆవిడ చాకిరీ అన్నీ అత్తయ్య మీదే పడ్డాయి. ఆవిడకి చీర కొనాలన్నా, ఆవిడని సినిమాకి తీసుకెళ్ళాలా వద్దా అన్నా, "దానికేం తెలుసు" అన్న ఒక్క మాటతో సరిపెట్టేవారు. పరాయివాళ్ళు ఆ మాటంటే నాకింత మండేది కాదు. అనేవాళ్ళంతా ఆవిడంటే ప్రేమున్నవాళ్ళే.

ఆ ఫిబ్రవరిలో మణిశంకర్ బాబాయి జంగారెడ్డిగూడెం నుంచి ఫోన్ చేశాడు. బాబాయి నాన్న తమ్ముడు, అక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు, పనిలేకుండా ఎస్టీడీ డబ్బులు తగలేసే రకం కాదు. వాళ్ళ అత్తగారికి పక్షవాతం వచ్చి మంచానపడింది. పిన్నికి ఉద్యోగం. ముసలావిడని కనిపెట్టుకుని ఉండడానికి ఇంట్లో మనిషి కావాలి. నాన్న రెండో మాట లేకుండా వల్లిని పంపిస్తాననేశారు. నా ప్రాక్టికల్స్ అయిన సాయంత్రం బాబాయి వచ్చి తీసుకెళ్ళేటట్టు ఖాయం చేసుకున్నారు.

అత్తయ్య ఆ గదిలోనే ఆరిన బట్టలు మడత పెడుతోంది. ఆవిడ చేతులు ఆగిపోవడం నేను చూశాను. ఆవిడని అడిగారా అని నాన్నని నిలదీశాను.

"దాన్ని అడిగేదేముంది? దానికేం తెలుసు?" అన్నారు నాన్న.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని ఎంత వాదించినా నాన్న వినలేదు. ఎక్కడైతేనేం, అక్కడా మనవాళ్ళే కదా అని తేల్చేశారు. బాబాయి అత్తగారు మనవాళ్ళెప్పుడయ్యారని అడిగితే, చదువెక్కువైతే ఇలాగే ఉంటుందని కంచం ముందునుంచి లేచిపోయారు.

అప్పుడే నాకు ఒక పంతం పుట్టింది. దానికి ముందు మా పరీక్ష సంగతి చెప్పాలి. ప్రాక్టికల్ పరీక్షలో కెమిస్ట్రీ వాళ్ళకి సీసాలిస్తారు, బోటనీ వాళ్ళకి పువ్వులిస్తారు. మాకు మాత్రం మనిషిని మేమే వెంట తెచ్చుకోమంటారు. ఆ మనిషిని సబ్జెక్టు అంటారు. చీటీ తీస్తే ఏ ప్రయోగం వస్తే అది ఆ మనిషి మీద చేసి, ఫలితం రాసివ్వాలి. ఫలితం పుస్తకంలో ఉన్నట్టే రావాలన్నది రూల్సులో లేని రూలు. అందుకని అందరూ సబ్జెక్టుకి ముందే తర్ఫీదు ఇచ్చేవారు. నా స్నేహితురాలు హరిచందనకి విష్ణు అని పెద్దమ్మ కొడుకు ఉండేవాడు. రెండు బ్యాచ్‌లకి సబ్జెక్టుగా వచ్చి చెయ్యి తిరిగిపోయినవాడు. ఎక్కడ తప్పు చెయ్యాలో, ఎప్పుడు తప్పులు తగ్గించుకోవాలో మాకంటే వాడికే బాగా తెలుసు. ప్లేటు పునుగులు పెట్టిస్తే చాలు, ఏ సిద్ధాంతాన్నైనా నిజం చేసి పెట్టేవాడు. హరిచందన పరీక్ష పొద్దున, నాది మధ్యాహ్నం, విష్ణు నాకూ వస్తానన్నాడు.

నేను వద్దన్నాను. దానికేం తెలుసు అని అందరూ తీసిపారేసే మనిషినే తీసుకెళ్ళాలన్నది నా పంతం. మర్నాడు పెరట్లో అత్తయ్య పక్కన కూర్చుని, నా పరీక్షకి సబ్జెక్టుగా వస్తావా అని అడిగాను. అడిగి నోరు మూసుకున్నాను. నాకది ఎంత కష్టమో నన్నెరిగినవాళ్ళకి తెలుసు. రెండుసార్లు జవాబు నేనే చెప్పేయబోయి పళ్ళు బిగపట్టాను. ఆవిడ బట్టలుతకడం ముగించి, బకెట్ బోర్లించి, చేతులు తుడుచుకుని, "వస్తాను" అంది.

మా లెక్చరర్ శివరామరాజు గారికి చెబితే ఆయన తల పట్టుకున్నారు. మంచి మనిషి, నాకు ఫస్ట్‌క్లాసు వస్తుందనీ, ఎమ్మే సీటు ఖాయమనీ నాకంటే ఎక్కువగా నమ్మినాయన. "కోరి కష్టం తెచ్చుకోవడమేంటండీ ఉమాశ్రీ గారూ? ఎవరైనా డిగ్రీ కుర్రాణ్ణి తెచ్చుకోండి" అన్నారు. ఆడపిల్లల్నైనా "అండి" అనే పిలిచేవారాయన. సబ్జెక్టు చదువుకున్నవాడై ఉండాలని ఎక్కడా రాసిలేదని నేనన్నాను. ఎమ్మే సీటుకి ప్రాక్టికల్ మార్కులే ప్రాణమని ఆయన మళ్ళీ గుర్తుచేశారు. అది నాకూ తెలుసు. సీటు రాకపోతే నాన్న ఇంక చదివించనని ముందే చెప్పారు.

పరీక్షరోజు అత్తయ్య జరీ అంచు నేతచీర కట్టుకుని, బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చింది. చీటీలో నాకు అద్దం ప్రయోగం వచ్చింది. కాగితం మీద జంట గీతలతో ఒక నక్షత్రం బొమ్మ ఉంటుంది. సబ్జెక్టు చెయ్యి తనకి కనిపించకుండా అట్ట అడ్డం పెడతారు. ఎదురుగా ఉన్న అద్దంలో చూస్తూ ఆ రెండు గీతల మధ్యనుంచి పెన్సిల్ పోనివ్వాలి. గీతకి తగిలితే తప్పు. అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తుంది కాబట్టి పైకి పోదామంటే చెయ్యి కిందికి పోతుంది. పది సార్లు చేయించాలి. చేస్తున్నకొద్దీ తప్పులు తగ్గాలని పుస్తకం చెబుతుంది.

మొదలుపెట్టేముందు సూచనలు పైకి చదవాలి. చివరి వాక్యం, మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా ఆపేయవచ్చు అని. ఆ వాక్యాన్ని అందరం పెళ్ళిమంత్రంలా గడగడా చదివి వదిలేసేవాళ్ళం. ఏ సబ్జెక్టూ ఆపినట్టు మేమెప్పుడూ వినలేదు. నేను మాత్రం అత్తయ్యకి నెమ్మదిగా చదివాను.

మొదటిసారి చెయ్యి ఎటో పోతుంటే అత్తయ్యకి నవ్వొచ్చింది. రెండోసారీ నవ్వింది. మూడోసారి నవ్వలేదు. నాలుగోసారికి తప్పులు తగ్గడం మాట అటుంచి, పెరిగాయి. అయిదోసారి సగం గీసి, పెన్సిల్ బల్ల మీద పెట్టేసింది.

"ఇంక చెయ్యను" అంది.

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు ఆవిడ గుర్తుకు రాలేదు, ఎమ్మే సీటే గుర్తొచ్చింది. నా కోసం ఇంకొంచెం చెయ్యమని బతిమాలాను. ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"ఇష్టం లేకపోతే ఆపెయ్యొచ్చని నువ్వే చదివావు కదే."

అన్నేళ్ళలో అత్తయ్య ఒక పని చెయ్యననడం నేను వినడం అదే మొదటిసారి. దాన్ని నేనే తొక్కెయ్యబోయాను.

ఇంతలో ఎక్స్‌టర్నల్ వచ్చారు. మమ్మల్ని పరీక్షించి మార్కులు వెయ్యడానికి వేరే ఊరినుంచి వచ్చినాయన. ఎందుకాపారని అడిగితే సబ్జెక్టుకి ఇష్టం లేదండీ అన్నాను. ఇష్టంతో పనేముందని నవ్వి, అత్తయ్యకి ఆయనే నచ్చజెప్పబోయారు. మీ అమ్మాయి చదువమ్మా, మార్కులు పోతాయమ్మా అన్నారు. అత్తయ్య ఆయన వంక చూస్తూ కూర్చుందే తప్ప పెన్సిల్ ముట్టుకోలేదు. ఆయన నావైపు వంగి గొంతు తగ్గించారు. ఆ తగ్గించడం అత్తయ్యకి వినబడేంత.

"చూడమ్మా, ఈవిడ కొంచెం మందబుద్ధిలా ఉన్నారు. సబ్జెక్టు మందబుద్ధి, అందుకే ప్రయోగం పూర్తికాలేదు అని రాసెయ్యి. నీ మార్కులకి ఢోకా లేకుండా నేను చూసుకుంటాను."

ఆయన వెనకాల శివరామరాజు గారు రాసెయ్యమన్నట్టు తలూపుతున్నారు. ఇద్దరూ నా మంచి కోరే చెబుతున్నారు. మా ఇంట్లోవాళ్ళూ అంతే. దానికేం తెలుసు అన్న మాటకి ప్యాంటూ చొక్కా తొడిగి, కళ్ళజోడు పెడితే అది నా ఎదురుగా నిలబడి ఉన్నట్టనిపించింది.

"రాయనండి" అన్నాను.

"అదేంటమ్మా?"

"ఆవిడ బుద్ధి ఎంతుందో నేను కొలవలేదండి. మీరు నాకిచ్చింది నక్షత్రం బొమ్మ. ఆవిడ అయిదోసారి ఆపేశారు. నేను చూసింది అదొక్కటే, అదే రాస్తాను."

హాలంతా మా వైపు తిరిగింది. అలాగైతే పాసు మార్కులకి మించి వెయ్యలేనని ఆయన అన్నారు. మీ ఇష్టమండీ అన్నాను.

రిపోర్టు చివర, సబ్జెక్టుకి ఏమనిపించిందో ఆవిడ మాటల్లోనే రాయాలి. మొదట విసుగ్గా, తర్వాత ఆసక్తిగా ఉంది అని అందరం ఒక్కటే వాక్యం రాసేవాళ్ళం. నేను అత్తయ్యని అడిగి, పెన్ను పట్టుకుని కూర్చున్నాను. టైమైపోతోందని అటెండరు అరుస్తున్నాడు. అరవనిచ్చాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను. "మొదట నవ్వొచ్చింది. తర్వాత చెయ్యి నొప్పెట్టింది. ఎవరూ ఆపమనలేదు. నేనే ఆపాను. బాగుంది."

తిరుగు బస్సులో నాకు ఏడుపొస్తోంది, ఏడిస్తే ఆవిడ మీద నేరం పెట్టినట్టవుతుందని ఆపుకుంటున్నాను. మార్కులు పోయాయా అని అత్తయ్య అడిగింది. పోయాయన్నాను. ఆవిడ ఆలోచించి, ఆలోచించి, "పోనీ" అంది. నాకు ఏడుపులో నవ్వొచ్చింది. అయితే బాబాయి వచ్చే ఉంటాడన్న సంగతి గుర్తొచ్చి, ఇంటికెళ్ళగానే నాన్నతో ఏం మాట్లాడాలో మనసులో కూడబలుక్కోవడం మొదలుపెట్టాను.

వెళ్ళేసరికి బాబాయి వరండాలో కూర్చుని ఉన్నాడు. అమ్మ అత్తయ్య చీరలు ఎయిర్‌బ్యాగులో సర్దేసి గుమ్మం పక్కన పెట్టింది. చెప్పులు విప్పకుండానే నేను అందుకున్నాను. అత్తయ్య ఎక్కడికీ వెళ్ళదనీ, ఇది అన్యాయమనీ, ఇంకా ఏవేవో అన్నాను. నాన్న నా మీద లేవబోయారు.

"ఉమా, నువ్వుండు" అంది అత్తయ్య.

నేను ఆగాను. ఆవిడ గోడకానుకుని నిలబడింది. ఎప్పటిలాగే మాట రావడానికి ఆలస్యమైంది. అలసిపోయింది పాపం, పద వల్లీ బయల్దేరు అని నాన్న అనబోతే, ఆగండి నాన్నా, ఆవిడ చెబుతోందని అడ్డం పడ్డాను. అందరం ఆవిడ మొహం వంక చూస్తూ ఉండిపోయాం.

"నేను రాను చిన్నన్నయ్యా" అంది.

బాబాయి మొదట నవ్వాడు. రాకపోతే మా అత్తగారినెవరు చూస్తారన్నాడు. అత్తయ్య ఆ ప్రశ్న తనది కాదన్నట్టు ఊరుకుంది. ఇదంతా నేను నూరిపోసిన చదువేనని నాన్న నన్ను దులిపేశారు. నాకు పౌరుషం వచ్చి, అవును, ఆవిడ ఇక్కడే ఉంటుంది, నాకావిడ కావాలి అని అరిచినంత పని చేశాను.

"నీకు కావాలని కాదే" అంది అత్తయ్య నాతో. కోపంగా అనలేదు. కానీ ఎక్స్‌టర్నల్ మాట కంటే ఆ మాటే నాకు గట్టిగా తగిలింది. ఆవిడ వెళ్ళి ఎయిర్‌బ్యాగు తీసుకుని, లోపలికి తీసుకెళ్ళి, మంచం మీద చీరలు ఒక్కొక్కటే తీసి పెట్టుకుంది. ఎవరూ అడ్డం వెళ్ళలేదు.

బాబాయి ఆఖరి బస్సు దాటిపోతుందని వాచీ చూసుకుని, వదినతోనైనా చెప్పించుదామన్నట్టు అమ్మ వైపు చూశాడు. అమ్మ తల తిప్పుకుంది. అది ఆ రోజు నేను ఊహించని సంగతి. బాబాయి ఒక్కడే సంచి భుజానేసుకుని వెళ్ళాడు.

నాన్న చాలాసేపు వరండాలో అటూ ఇటూ తిరిగి, చివరికి గుమ్మంలో నిలబడ్డారు.

"అక్కడికి వెళ్ళవు, సరే. మరి ఇక్కడుండి ఏం చేద్దామని వల్లీ?" అన్నారు. వెటకారంగా మొదలుపెట్టారు గానీ, చెల్లెలి పేరు దగ్గరికొచ్చేసరికి అది మామూలు ప్రశ్నే అయింది.

అత్తయ్య చేతిలో చీర పక్కన పెట్టింది.

"తెలీదన్నయ్యా. ఆ మాట ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. ఆలోచించుకుని చెప్తాను."

ఆవిడ ఆలోచించుకుంటోంది. వంటవేళ దాటిపోతోంది. నాన్న గుమ్మంలోంచి కదల్లేదు. నేనూ అమ్మా లేచి వంటింట్లోకి వెళ్ళి, బియ్యం డబ్బా ఎక్కడుందో వెతుక్కున్నాం.