ముతక మాటలు ఆపే స్పాంజి

కుట్టడానికిచ్చిన బట్టల కోసం వచ్చినవాళ్ళు విసుక్కోకుండా కూర్చోవాలని, దర్జీ తన కొట్లో గోడవారగా ఒక అద్దాల తొట్టి పెట్టాడు. ఉప్పునీళ్ళ తొట్టి. అందులో నారింజరంగు మీద తెల్లచారల చేప ఒకటి. దానికి చారలచొక్కా అని పేరు పెట్టింది కూడా ఆయనే. తొట్టి మూల చిన్న మోటారు, దాని ముందు రెండు స్పాంజి ముక్కలు. చేప వదిలేసిన మేత, మురికి, నాచు తునకలు మోటారు లాగే నీళ్ళతో వచ్చి ఆ స్పాంజిల్లో చిక్కుకునేవి. కొట్లో అన్న మాటలూ చిక్కుకునేవి.

అన్నీ కాదు లెండి. సన్నటి మాటలు, ముద్దు మాటలు నీళ్ళతో పాటే దాటిపోయేవి. ముతకవే ఆగేవి. అందుకని దర్జీ భార్య స్పాంజి పిండినప్పుడల్లా బకెట్లోంచి మొగుడి కేకలు వినబడేవి.

"ఏవండీ, మంగళవారం కాజాల దగ్గర నోరు కాస్త పొడుగైంది మీకు," అనేది ఆవిడ.

"పొడుగైతే కత్తిరించుకుంటాంలే," అనేవాడు ఆయన, మిషను మీంచి తలెత్తకుండా.

ఆవిడకు రెండు పట్టింపులు. స్పాంజిని తొట్టిలోంచి తీసిన ఉప్పునీళ్ళలోనే పిండాలి. కుళాయి నీళ్ళు తగిలాయా, నీళ్ళను బాగుచేసే కంటికి కనబడని జీవాలన్నీ అందులోనే చచ్చిపోతాయి. మాటలూ అంతే. రెండోది, రెండు ముక్కలూ ఒకేసారి కడగకూడదు. ఈసారి ఒకటి, వచ్చేసారి ఒకటి.

అలాంటి ఇంట్లో దర్జీకి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి ఎడమచెయ్యి ఆడుతోంది, కుడిచెయ్యి కొద్దిగా కదులుతోంది. మాట మాత్రం లేదు. "పట్టుబట్టి ఆయనే ప్రయత్నించాలమ్మా," అన్నాడు డాక్టరు. ఆయనేమో కొట్టు వెనక గదిలో మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"అమ్మా, నోరు లేకుండా కొలతలేం చెబుతాడు, బేరమేం చేస్తాడు? కొట్టు మూసేద్దాం," అన్నాడు కొడుకు.

"మూసెయ్ అని మీ నాన్నను నోటితో చెప్పమను. అప్పుడు మూసేస్తాను," అంది ఆవిడ.

అన్నాక తట్టింది. ఆయన పడిపోయిన రోజు నుంచీ స్పాంజిలు ఎవరూ పిండలేదు. అంతకు ముందటి మాటలు ఇంకా వాటిలోనే ఉండాలి. గబగబా కొట్లోకి వెళ్ళింది.

అక్కడ కోడలు కుళాయి పూర్తిగా తిప్పి ఒక స్పాంజిని కడుగుతోంది. "అలిసిపోయుంటారని నేనే మొదలుపెట్టాను అత్తయ్యా. చూడండి, కొత్తదానిలా ఎలా అయిందో!"

నురగ గొణుక్కుంటూ తూములోకి జారిపోతోంది. సగం మాటలు పోయినట్టే. కానీ మంచి చెయ్యబోయిన పిల్లను ఏమంటాం?

"పోనీలే అమ్మాయ్. ఆ రెండోది మాత్రం ముట్టుకోకు."

ఆ రెండోది జిగురుపట్టి నీళ్ళను కదలనివ్వడం లేదు. చారలచొక్కా పైకొచ్చి నోరు తెరుచుకుని ఎగపోస్తోంది. ఇవాళ పిండకపోతే చేప దక్కదు. పిండితే మాటలు మురికి అడుక్కి దిగేదాకానే నిలుస్తాయి, ఆ తర్వాత చెదిరిపోతాయి. ఆవిడ బకెట్లోకి తొట్టి నీళ్ళు తోడి, స్పాంజిని పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి అందులో దింపి, బకెట్టు తీసుకెళ్ళి మంచం పక్కన పెట్టింది.

"పిండండి."

ఆయన కదల్లేదు. ఆవిడే ఆయన ఎడమచెయ్యి లాగి బకెట్లో ముంచి, పైన తన చెయ్యి వేసి నొక్కింది. గోధుమరంగు నీళ్ళు ఉబికాయి.

"నా టేపు ఏ గంగలో కలిపారు?"

"ఆ గుడ్డ తిరగేసి పెట్టావేం, కళ్ళు కనబడ్డం లేదా?"

"బట్ట కత్తెరతో కాగితం కోసిందెవరు? మొద్దుబారిపోదూ!"

మాటలు బకెట్లో గిరగిరా తిరిగాయి. ఆయన ఒక్కసారి వాటికేసి చూసి, చెయ్యి బకెట్లోనే వదిలేసి మొహం మళ్ళీ గోడవైపు తిప్పుకున్నాడు.

"వదిలెయ్యమ్మా," అన్నాడు కొడుకు.

మురికి అడుక్కి దిగుతోంది. కేకలు పలచబడుతున్నాయి. ఆవిడ లేచి కొట్లోకి వెళ్ళింది. ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేని పెద్ద కత్తెర మేకు మీంచి తీసింది. అక్కడున్న దినపత్రిక పట్టుకొచ్చి, మంచానికీ గోడకీ మధ్య సందులో దూరి, సరిగ్గా ఆయన మొహం ముందు నిలబడి కొయ్యడం మొదలుపెట్టింది. కర్... కర్...

"అయ్యో అత్తయ్యా, అది బట్ట కత్తెర!"

"తెలుసు."

కర్... దర్జీ చెవులు ఎర్రబడ్డాయి. ఇంకా బకెట్లోనే ఉన్న చెయ్యి పిడికిలి బిగిసింది. మిగిలిన మాటలు ఆ పిడికిలి పట్టుకుని, మణికట్టు మీదుగా, భుజం మీదుగా తడితడిగా పైకి పాకాయి.

"క... కత్... కత్తెర!"

ఆవిడ కళ్ళు నిండాయి. చెయ్యి మాత్రం ఆపలేదు. "ఏంటండీ? సరిగ్గా వినబళ్ళేదు."

"కాగితం... కొయ్యకే! మొద్దు... బారి... పోదూ!"

కొడుకు వెళ్ళి కొట్టు షట్టరు పైకెత్తాడు. ఆవిడ కత్తెరను కొంగుతో తుడిచి మొగుడి ఒళ్ళో పెట్టి, స్పాంజిని కోడలి చేతికిచ్చింది.

"తొట్టిలో పెట్టెయ్ అమ్మాయ్. ఇంక పిండకు. లోపల ఇంకో నాలుగు మాటలు ఉన్నట్టున్నాయి, రేపటికి మీ మామయ్యకు కావాలి."