మార్తమ్మ గొడుగులో వాన

కుళాయి రాని రోజున పల్లపుపేట ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని మార్తమ్మ ఇంటికే వస్తారు. మార్తమ్మ చేతిలో పని పక్కనపెట్టి, తలుపు వెనక కొక్కేనికి వేలాడే నల్ల గొడుగు తీసుకుని వాకిట్లో నిలబడి విప్పుతుంది. గొడుగు కింద వాన పడుతుంది. మొదట తుంపర, కాసేపటికి ధార. బిందెలు నిండగానే మూసేస్తుంది. మళ్ళీ విప్పితే వాన మళ్ళీ మొదటి తుంపర దగ్గర్నుంచే. ఇంకొకళ్ళ చేతిలో అది ఉత్త గొడుగు.

"ఇంకో రెండు నిమిషాలు పట్టు వదినా, బట్టలు కూడా జాడించుకుంటాను," అంటుంది సూర్యావతి.

"నా భుజం నీకేమైనా అద్దెకిచ్చేనా?" అని మూసేస్తుంది మార్తమ్మ.

వాన పడే రోజున మాత్రం ఆవిడ నెత్తిన యూరియా సంచి కప్పుకుని తిరుగుతుంది. ఆ గొడుగు విప్పితే పైనా వానే, కిందా వానే కదా.

మే నెలలో ఒకరోజు నిఖిత అనే ఇంజనీరు అమ్మాయి వచ్చింది. పి.గన్నవరం పిల్ల. మురుగుకాలవలకి లెక్కలు కట్టే కంపెనీలో ఉద్యోగం.

"మామ్మగారండీ, కంప్యూటర్లో వాన కురిపించి నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో చూస్తామండి. దాన్నిబట్టి కాలవ వెడల్పు తేలుద్ది."

"కురిపించుకోండి. నాతో పనేంటి?"

"ఏ వాన కురిపించాలో తెలియట్లేదండి. మండలాఫీసు పాత రిజిస్టర్లు చూసేను. అన్నిట్లోకీ పెద్ద వాన నూట ఇరవై ఒక్క మిల్లీమీటర్లు. మా సారు దాన్ని ఇరవై నాలుగు గంటలకీ సమానంగా పంచేసేరు. గంటకి అయిదు."

"గంటకి అయిదా! పెళ్ళిలో పన్నీరు చల్లినట్టు."

"ఆయ్. ఆ లెక్కకి పేట ముందు రెండడుగుల తూము చాలంటున్నారు. సోమవారం డిజైను పంపేస్తారు. కానీ దాని ముందురోజు కూడా నూట పద్ధెనిమిది ఉందండి. రెండూ మీ చేతిరాతే. రెండు రోజులు వరసగా పడిందా?"

మార్తమ్మ ఒకప్పుడు మండలాఫీసులో అటెండరుగా చేసింది. ఆఫీసు పెరట్లో వానకొలత డబ్బా ఉండేది. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి అందులో నీళ్ళు కొలిచి, ఆ తేదీకి రాసి, పారబోసి డబ్బా మళ్ళీ పెట్టడం ఆవిడ పని. ఒక్క నిమిషం ఆలస్యమైతే మెమో.

"రెండు రోజులు కాదు, ఒక్క పూట," అంది మార్తమ్మ. "ఆరున్నరకి నేనింట్లోంచి బయల్దేరుతుంటే మొదలైంది. పదిన్నరకి ఆగింది. కుండపోత మధ్యలో ఎనిమిదిన్నరయింది. రూలు రూలే. కొలిచేను, రాసేను, పారబోసేను. తర్వాత పడిందంతా మర్నాటి తేదీకి పోయింది. ఒక్క వానని నా చేత్తో రెండు ముక్కలు చేసేను."

"ఆ నాలుగ్గంటలూ మీరు వానలోనే ఉన్నారాండి?"

"మరెక్కడుంటాను? తడికాళ్ళతో వరండా ఎక్కొద్దన్నాడు హెడ్ గుమస్తా. పల్లపుపేట కాళ్ళు పొడిగా ఉన్నా ఎక్కనిచ్చేవాడు కాదులే. కొలత చెప్పడానికి జిల్లాకి ఫోను కలిసేదాకా కదలొద్దన్నాడు. గొడుగేసుకుని పెరట్లోనే నిలబడ్డాను."

ఆ నాలుగ్గంటల్లోనే పేటలో నడుంలోతు నీళ్ళొచ్చాయి. పక్కింటి దుర్గమ్మ మీద మట్టిగోడ కూలింది. విచారణకొచ్చిన అధికారి రిజిస్టరు తిరగేసి, గోడలు కూలేంత వాన ఏ రోజూ పడలేదని రాసుకుని జీపెక్కాడు. మనిషీ పోయింది, మనిషిని చంపిన వానా పోయింది. దుర్గమ్మ కొడుకు కనకరాజు మార్తమ్మ వాకిట్లోకొచ్చి, "నువ్వు రాసిన అంకె మా అమ్మ చావుని అబద్ధం చేసింది," అన్నాడు. అదే ఆఖరి మాట. ఇరవై ఎనిమిదేళ్ళుగా రెండిళ్ళకీ మధ్య ఒక్క గోడ, మాటలు మాత్రం లేవు.

"ఆ వాన మీ గొడుగులో ఉందంట కదండి. సూర్యావతిగారు చెప్పేరు. పావుగంటకోసారి కొలుచుకుంటాను, ఇప్పించండి."

"దాని నోటికి తూము వెయ్యాలి ముందు. అరవై ఆరేళ్ళ భుజం, నాలుగ్గంటలు నిలబడుద్దా? ఆ వానని నేనెప్పుడూ పావుగంట దాటనివ్వలేదమ్మాయ్."

"రెండడుగుల తూమేస్తే ఆ వాన మళ్ళీ వచ్చిన రోజున దాన్ని ఎవరూ ఆపలేరండి."

మార్తమ్మ పక్కింటికేసి చూసింది. ఇప్పుడది సిమెంటు గోడే. నేల మాత్రం అదే పల్లం.

"పొద్దున్న ఆరున్నరకి రా," అంది.

మర్నాడు నిఖిత తెచ్చిన కొలత డబ్బా కాళ్ళ దగ్గర పెట్టుకుని మార్తమ్మ గొడుగు విప్పింది. అప్పుడు గొడుగు మీద పడి జారిపోయిన వానంతా ఇప్పుడు ఆవిడ మీద పడింది. నిఖిత పావుగంటకోసారి కొలిచి రాసుకుంది. మూడు. ఏడు. పది. ఏడున్నరకి పద్నాలుగు. ఎనిమిదిన్నరకి ఇరవై నాలుగు. ధార కళ్ళలో కొడుతుంటే మార్తమ్మ తలదించుకుని నిలబడింది. పేటంతా అరుగుల మీద కూర్చుని చూస్తోంది.

తొమ్మిది కావస్తుండగా ఆవిడ భుజం వాలిపోయింది. గొడుగు ఒకపక్కకి ఒరిగింది. మూతపడితే మళ్ళీ మొదటి తుంపరే. మళ్ళీ మొదట్నుంచి నిలబడే శక్తి ఆవిడకి లేదు, ఆ సంగతి అందరికీ తెలుసు.

కనకరాజు గోడ దూకి వచ్చాడు. పొడుగాటి మనిషి. వంగి వానలోకొచ్చి ఆవిడ మోచేతి కింద తన అరచెయ్యి పెట్టాడు.

"ఇదేనా అత్తా, ఆ వాన?"

"ఆయ్. ఇదేరా."

"అమ్మ మీద గోడ పడింది ఈ వేళకే."

"ఆయ్."

అంతే. పదిన్నరకి చుక్క ఆగేదాకా అతను చెయ్యి తియ్యలేదు.

అమలాపురంలో కంపెనీ పెద్ద ఇంజనీరు రాజేంద్రప్రసాద్ ఆ కాగితం చూసి కళ్ళజోడు సవరించుకున్నాడు.

"గొడుగు సరేనమ్మా. గొడుగుకి సర్టిఫికెట్టేదీ? ఐఎస్ఐ మార్కు లేని పరికరాన్ని నేనెలా ఒప్పుకుంటాను?"

"ఎనిమిదిన్నర దాకా కూడండి సార్. నూట పద్ధెనిమిది. అక్కణ్ణుంచి ఆఖరి దాకా నూట ఇరవై ఒకటి. ప్రభుత్వ రిజిస్టరుతో ఒక్క మిల్లీమీటరు తేడా లేదు. గొడుగు తప్పయితే రిజిస్టరూ తప్పేనండి."

ఆయన రెండుసార్లు కూడాడు. ఎనిమిదింబావు నుంచి తొమ్మిదింబావు దాకా, ఒక్క గంటలో, వంద మిల్లీమీటర్లు. తను వేసింది అయిదు. ఆ అంకెలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. తెర మీద రెండడుగుల తూము పొంగిపోయింది. నీలిరంగు పేట మీదికి పాకి, అక్కడే నిలబడిపోయింది.

"ఈ చిన్న చిన్న గళ్ళేంటి?"

"ఇళ్ళండి."

ఆయన రెండడుగుల తూముని తెర మీంచి చెరిపేశాడు. "ఆరడుగుల కాలవ వెయ్యి," అన్నాడు. "వాన కొలిచినవారి పేరు రాయలేదేం?"

నిఖిత రాసింది: మార్తమ్మ, పల్లపుపేట.

కాలవ దసరాకి పూర్తయింది. అక్టోబరు చివర్లో ఒక పొద్దున్న ఆకాశం నల్లగా దిగి, కొబ్బరాకులు కనపడనంత వాన పట్టుకుంది. యూరియా సంచి ఎంత వెతికినా దొరకలేదు. తడిస్తే తడిశానని మార్తమ్మ గొడుగు తీసి వాకిట్లో విప్పింది. మే నెలలో ఆఖరి చుక్క దాకా కురిపించాక దాన్ని మళ్ళీ విప్పడం ఇదే.

చుట్టూ వాన. గొడుగు కింద ఒక్క చుక్క లేదు.

"అయ్యో వదినా, ఇక కుళాయి రాకపోతే మా గతేంటి?" అని అరుగు మీంచి కేకేసింది సూర్యావతి.

"పంచాయతీని అడుగు! మీకు నేను దొరికేననా?"

పక్కింటి తలుపు తీసుకుని కనకరాజు బయటికొచ్చాడు. "కాలవ నీళ్ళు లాగేస్తోందంట అత్తా. చూసొద్దామా?"

మార్తమ్మ గొడుగు కాస్త ఎత్తి పట్టుకుంది. అతను వంగి దాని కిందికొచ్చాడు. ఇద్దరూ తడవకుండా కాలవ దాకా నడిచారు.