ఒక వేలు సందు

గుడ్ల బావ కట్టిన పెట్టెలో సరుకు పగలదని ఆ వీధిలో అందరి నమ్మకం. ఎప్పుడో నాలుగు డజన్ల గుడ్లను రంపపు పొట్టులో పెట్టి రెండు రోజుల లారీ ప్రయాణానికి పంపితే ఒక్కటీ చిట్లలేదు. అప్పటినుంచి ఆయన అసలు పేరు మరుగునపడి ఇదే మిగిలింది. పైకి విసుక్కున్నా లోపల ఆయనకి ఇష్టమే. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని, తాడుకీ కత్తెరకీ కూడా ఒకటి పెట్టి, అప్పుడు పని మొదలుపెడతాడు.

ఆ రోజు ఆయన మరదలు, అంటే భార్య చెల్లెలు, తన సర్ఫ్‌బోర్డు తెచ్చి షెడ్డులో రెండు బల్లల మీద ఆనించింది. అలల మీద నిలబడి జారే ఆ పలక కోసం రెండేళ్ళు పిల్లలకి ఈత నేర్పి కూడబెట్టింది. ఆదివారం వేరే ఊళ్ళో పోటీ. మనిషి బస్సులో పోవచ్చు గానీ ఆరడుగుల పైచిలుకు పలకని బస్సువాడు ఎక్కించుకోడు. విమానంలో అయితే దాని ఖర్చు ఆమె టికెట్టుని మించుతుంది. ఇవాళ నాలుగింటికి కదిలే పార్సిల్ లారీ ఎక్కితేనే శనివారానికి చేరుతుంది. లారీ తప్పిందా, పోటీ తప్పినట్టే.

"పెట్టె ఏడడుగులు దాటితే రేటు రెండింతలు వేస్తారట బావా," అంది మరదలు.

"దాటనిస్తానా? పాత ఫ్రిజ్జు అట్టపెట్టెలు రెండు కోసి అతికిస్తా. మెత్తకి మీ అక్క పాత దుప్పట్లున్నాయి. కొనేది టేపొక్కటే."

"మా అక్కకి తెలుసా?"

"పార్సిల్ వెళ్ళాక తెలుస్తుంది."

మరదలు నవ్వి, పలక అడుగున ఉన్న మూడు రెక్కలూ విప్పి, ఎండకి గట్టిపడే జిగురు ట్యూబుతో, గరుకు కాగితంతో కలిపి చిన్న సంచిలో వేసింది. ముక్కుకీ తోకకీ స్పాంజి తొడిగింది. తరువాత ఒక్క మాట ఒత్తి చెప్పింది.

"లోపలంతా నురుగు బావా. పైన గాజుపీచు పొర, గోరంత మందం. బిగించొద్దు. తాడు కింద ఒక వేలు దూరాలి."

"గుడ్లు కట్టినవాడికి చెప్తున్నావా?"

ఆమె ఫారం తేవడానికి పార్సిల్ ఆఫీసుకి వెళ్ళింది. బావ పలకకి దుప్పట్లు చుట్టాడు. తాడు వేశాడు. ముడి దగ్గరికి వచ్చేసరికి, ముప్పై ఏళ్ళ అలవాటు, మోకాలు దానంతట అదే లేచి కట్టు మీద ఆనింది. తలుపులకీ కుట్టుమిషన్లకీ అలాగే కదా బిగించేది. మోకాలు పెట్టని కట్టు కట్టే కాదని పని నేర్పినాయన చెప్పిన మాట.

గోరు విరిగినట్టు చిన్న చప్పుడైంది.

ఆయన తాడు వదులు చేసి దుప్పటి తొలగించాడు. కుడి అంచున వెంట్రుకవాసి పగులు, వేలెడు పొడుగు. తడిమాడు. గోరు పట్టింది. గేటు చప్పుడైంది. అంతే, చేతులు మనసుని అడగకుండానే దుప్పటి కప్పేశాయి, తాడు వేశాయి, అట్టపెట్టె మూసేశాయి.

మరదలు వచ్చి కొలత టేపుతో పెట్టె కొలిచింది. ఆరడుగుల పదకొండంగుళాలు. "బావా, నువ్వు నువ్వే," అంది.

ఆ మాట ఆయన చెవిలో మేకులా దిగింది. తోపుడు బండి మీద పెట్టె పెట్టుకుని ఇద్దరూ బయలుదేరారు. దారిలో ఎన్ని గుంతలున్నాయో ఆయన లెక్కపెట్టాడు. లారీలో కుదుపులకి పగిలిందనుకోదూ? అనుకుంటుంది. ఎవరికి తెలుస్తుంది? దేవుడు చూస్తాడంటారు. మూడు దుప్పట్ల లోపలికి కూడా చూస్తాడా? చూస్తే మోకాలు లేచినప్పుడే ఎందుకు ఆపలేదు? అలా దేవుడితో తగువు పెట్టుకుంటూనే ఆఫీసు మెట్లెక్కాడు.

మూడుంపావు. గుమాస్తా పెట్టె కొలిచి, మామూలు రేటే అని, ఫారం ముందుకు జరిపాడు. "ప్యాకింగు చేసింది మీరేనా? సరుకు బాగుందని ఇక్కడ సంతకం."

కలం చేతిలోకి వచ్చింది గానీ కాగితం మీద వాలలేదు.

"ఆ పగుల్లోంచి నీళ్ళు పోతాయా?" అన్నాడు బావ, మరదలి వైపు చూడకుండా.

"ఏ పగుల్లోంచి?"

చెప్పాడు. మోకాలితో సహా చెప్పాడు.

మరదలు గుమాస్తా కత్తెర లాక్కుని తానే టేపు కోసింది. పగులు చూసి దాని మీద బొటనవేలు ఆనించింది.

"నీళ్ళు తాగుతుంది బావా. తాగితే బరువెక్కుతుంది. పెద్ద అల మీద రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కల మధ్య నేనుంటా."

 తలుపులా, కుట్టుమిషనులా పలకా ఒక సరుకే అనుకున్నాడు. ఆయన కట్టింది సరుకుని కాదు, మనిషినే.

సంచిలోంచి జిగురు తీసింది. గరుకు కాగితంతో రుద్ది, పూసి, పైన పల్చటి కవరు పరిచింది. "పది నిమిషాలు నేరుగా ఎండ తగలాలి. నీడలో ఆరదు."

ఎండ ఆఫీసు మెట్ల మీద చాపంత మాత్రమే మిగిలింది. ఎదురు మేడ నీడ దాన్ని తినేస్తోంది. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని పలకని మెట్టుమెట్టుకీ ఎండతో పాటు జరిపారు. లారీ డ్రైవరు వెనక తలుపు ఒక రెక్క మూశాడు.

"ఎండ నిలబెట్టమని నీ దేవుణ్ణి అడగవేం?" అంది మరదలు, పళ్ళ బిగువున.

"అడిగే మొహం ఉండద్దూ?"

ఆఖరి మెట్టు మీద ఆమె గోటితో కొట్టి చూసింది. టక్కుమంది. మళ్ళీ దుప్పట్లు, మళ్ళీ అట్ట. ఈసారి తాడు ఆమె కట్టింది. "వేలు పెట్టు," అంది. ఆయన చూపుడువేలు తాడు కింద పెట్టాడు. సరిగ్గా దూరింది.

ఫారంలో 'కుడి అంచున అతుకు ఉంది' అని రాసి సంతకం చేశాడు. "అలా రాస్తే అటువైపు ఏం జరిగినా పరిహారం రాదు," అన్నాడు గుమాస్తా. "రాకపోనీ. పూచీ నాది," అన్నాడు బావ. నాలుగు కొట్టాక లారీ కదిలింది. మరదలు పలకరించకుండానే ఇంటికి నడిచింది.

ఆదివారం బావ షెడ్డు తెరవలేదు. దుప్పట్ల సంగతి తెలిసిపోయిన భార్య కూడా ఆ పూట ఏమీ అనలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. గెలిపించమని అడగలేదు. మనిషి ఒడ్డుకి వస్తే చాలనుకున్నాడు. మధ్యాహ్నం ఫోను మోగింది. మరదలి గొంతు వెనక సముద్రం హోరు.

"అతుకు నిలబడింది బావా. నేనే పడ్డా. ఏడో స్థానం."

ఆయన ఫోనుని రెండు చేతులా పట్టుకుని చెవికి ఆనించుకున్నాడు.

"విన్నావా? వచ్చేటప్పుడు కట్టు నేనే కట్టుకుంటా. నువ్వు గుడ్లు చూసుకో."