అద్దాలు తెల్లబడిన బోగీ

మా పుష్ప అక్క, గంగులయ్య బావ బిట్రగుంటలో ఉంటారు. బావ రైల్వేలో బోగీలు బాగుచేసే పని చేసి రిటైరయ్యాడు. అప్పటి నుంచి ప్లాస్టిక్ రేకులతో జానెడు పైచిలుకు పొడవుండే బోగీలు తయారు చేస్తున్నాడు. ఆయనలాంటి పాత రైల్వేవాళ్లు ఇంకొందరున్నారు. అప్పుడప్పుడూ ఒక ఆదివారం అందరూ ఊళ్లో ఒక హాల్లో కలుస్తారు. గార్డుగా చేసిన కామాక్షయ్య ఇంజను తెస్తాడు. మిగిలినవాళ్లు తలా ఒక బోగీ తగిలించి, బల్ల మీద పరిచిన బుల్లి పట్టాలపై నడుపుతారు.

పోయినసారి బావ ఏసీ బోగీ తీసుకుపోయాడు, కిటికీలకు అద్దాలు పెట్టకుండానే. కామాక్షయ్య దాన్ని వంగి చూసి, ఇందులో ఎక్కేది మేకలా గొర్రెలా అని అడిగాడట. రైలుకు అన్నిటికన్నా చివర తగిలించారట. ఈసారి అద్దాలు లేకుండా ఆ హాలు గడప తొక్కేది లేదని బావ పట్టుబట్టాడు.

నేను జువ్వలదిన్నె నుంచి చేపలు తీసుకుని శుక్రవారం వెళ్లేసరికి పని చివరికొచ్చింది. చొక్కా పెట్టెకుండే ప్లాస్టిక్ మూతను కత్తిరించి, కిటికీకొక ముక్క చొప్పున అంచులు రుద్ది, బెజ్జంలో సరిగ్గా కూర్చునేట్టు చేశాడు. లోపలి నుంచి ఒకే పొడుగు ముక్క అంటిస్తే తొందరగా అయిపోదా అన్నాను. అప్పుడు అద్దం గుంటలో పడ్డట్టుంటుందట. నిజం బోగీకి అద్దం, రేకు ఒక మట్టంగా ఉంటాయట. ముక్కలన్నీ క్షణంలో పట్టేసే గమ్ముతో అంటించి, దుమ్ము పడకుండా బోగీ పైకప్పు మూసేసి, వంటింటి గూట్లో పెట్టాడు.

శనివారం పొద్దున చూస్తే కిటికీలన్నీ మంచు పట్టినట్టు తెల్లగా ఉన్నాయి. తుడిస్తే పోలేదు. బావ బోగీ చేతిలో పట్టుకుని వంటింట్లోకి చూశాడు. అక్క ఇడ్లీ పాత్ర దించుతోంది.

"వనజా, చూసినావా మీ అక్క ఆవిరి చేసిన పని," అన్నాడు.

వాళ్లకు తగువొస్తే ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఇద్దరూ నాతోనే మాట్లాడతారు.

"ఇడ్లీ తినేటప్పుడు ఆవిరి బాగుండాదంట, అద్దాలకాడికొచ్చేసరికి చెడ్డదయిందంటనా? అడుగు మీ బావని," అంది అక్క. ఆ పూట ఆయనకు చల్లారిన ఇడ్లీలు పెట్టింది.

బావ ఆ ముక్కలు పీకేసి కొత్తవి వేద్దామనుకున్నాడు. ప్లాస్టిక్ ఎక్కడిది? సైకిలేసుకుని జిరాక్స్ కొట్టుకు పోయి లామినేషన్ కాగితం తెచ్చాడు. అదీ మసక మసకగానే ఉంది. నీళ్ల సీసా కోస్తే ముక్క చుట్టుకుపోయింది. చివరికి అక్క చీర పెట్టె గుర్తొచ్చింది. దాని మూత కడిగిన గాజులా ఉంటుంది. అక్క అందులో హుక్కులు, పిన్నీసులు పెట్టుకుంటుంది. ఆయన చూపు అటు పోవడం చూసి, అక్క పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసింది.

"తప్పు ఆవిరిది కాదని చెప్పమను, ఇస్తా."

"ఆవిరిది కాకపోతే ఎవరిది?" అన్నాడు బావ నాతో.

మధ్యలో నలిగేది నేనే కాబట్టి ఒక ఉపాయం చెప్పాను. కత్తిరింపుల్లో మిగిలిన ఒక పీలికకు బావ గమ్మే రాసి, స్టీలు డబ్బాలో మూసి, పొయ్యికి దూరంగా పడకగదిలో పెట్టాం. ఇంకో పీలికకు పిల్లలు అట్టలు అంటించుకునే తెల్ల జిగురు రాసి పొయ్యి పక్కనే ఉంచాం. అక్క అన్నం వండింది, పప్పు ఉడికించింది. ఎవరూ అడగకపోయినా రసం కూడా మరిగించింది. అంతటితో ఆగక ఉత్త నీళ్లు కూడా పెట్టింది.

సాయంత్రానికి పొయ్యి పక్కన పెట్టిన పీలిక జిగురు ఆరాక కూడా తేటగా ఉంది. పడకగదిలోది తెల్లబడిపోయింది.

బావ రెండింటినీ చాలాసేపు తిప్పి చూశాడు. తర్వాత నా వైపు కాకుండా నేరుగా అక్క దగ్గరికి పోయాడు.

"గమ్ము పొగ బయటికి పోకుండా మూత మూసింది నేను, అదే అద్దాలకు పట్టింది. నీ ఆవిరి ఏం చేయలేదు."

"వినపడలా."

"బాగానే వినపడింది నీకు."

"వినపడింది. ఇంకోసారి వినాలనుండాది."

బావ ఇంకోసారి చెప్పాడు. అక్క తాళం తీసి, హుక్కులన్నీ నా ఒళ్లో గుమ్మరించి, మూత తనే కత్తిరించడానికి కూర్చుంది. ఈసారి తెల్ల జిగురు రాసి, పైకప్పు తెరిచే ఉంచి ఆరబెట్టాం. రెండు కొసల్లో ఉండే బుల్లి కిటికీలను మాత్రం బావ పీకనివ్వలేదు. అవి లెట్రిన్లవట, నిజం బోగీలోనూ వాటికి తెల్లద్దాలే ఉంటాయట. ఆ మాట పొద్దున్నే గుర్తొచ్చి ఉంటే సగం బాధ తగ్గేదని అక్క నవ్వింది.

ఆదివారం హాలుకు అక్క కూడా వచ్చింది. అంతకుముందు ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. కామాక్షయ్య బోగీని వెలుతురులోకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి, ఇంజను వెనకే తగిలించాడు. బావ ఛాతీ పొంగింది. అంతలో కామాక్షయ్య మళ్లీ వంగి కొసన వేలు పెట్టి, ఇక్కడ పొగబట్టిందేంది గంగులయ్యా అన్నాడు.

బావ గొంతు సవరించుకునే లోపే అక్క ముందుకొచ్చింది.

"అవి లెట్రిన్లన్నా. లోపల మనుషులుండారు, తొంగి చూడబాకండి."

కామాక్షయ్య వేలు వెనక్కి తీసుకున్నాడు. హాలంతా నవ్వుతుండగా రైలు కదిలింది.