పై పట్టీలో మొదటి పేరు

బుచ్చయ్యకు ఉన్నది ఒక్క మగ్గం. రోషం మాత్రం నలుగురికి సరిపడా ఉంది. ఆ రోషమే అతని కొంప ముంచింది.

1988లో సిద్దిపేట నేతవాడలో నేతగాళ్ల సంఘం దవాఖాన చందా పెట్టాలనుకుంది. నెలనెలా అందరూ కట్టాలి, రోగమొచ్చినవాళ్లకు సంఘం మందులు కొనివ్వాలి. బుచ్చయ్య భార్య కొండవ్వకు అప్పటికే క్షయ. మందులు నెలకు ఎనభై రూపాయలు. రెండు నెలలు కొని, మూడోనెల చేతులెత్తేశాడు. ఆ చందా నిలబడితేనే ఆమె బతుకుతుంది.

ఎవరెంత కట్టాలన్న దగ్గర పేచీ వచ్చింది. ఇరవై మగ్గాల ఆసామి రాజమల్లయ్య నెల రాబడిలో అందరికీ రూపాయికి రెండు పైసలే అన్నాడు. బుచ్చయ్య లేచాడు.

"నాలుగు వందలొచ్చెటోనికి ఎనిమిది రూపాయలు పోతే ఒకపూట పస్తు. నాలుగువేలొచ్చెటోనికి ఎనభై పోతే ఏమైతది? వెయ్యి దాటినోళ్లు రూపాయికి ఐదు పైసలియ్యాలె."

రాజమల్లయ్య నవ్వాడు. "ఇచ్చేది లేనోడు ఎన్నైనా చెప్తడు."

సభంతా నవ్వింది. బుచ్చయ్యకు ఒళ్లు మండిపోయింది.

"నేను లేనోణ్నా? నా కొడుకు దత్తాత్రి భీవండిల ముకద్దమయిండు. నెలకు పదిహేను వందలు పంపుతుండు. నన్నే ముందుగాల రాయుండ్రి!"

పచ్చి అబద్ధం. దత్తాత్రి అక్కడ మరమగ్గాల మీద కూలివాడు, కూలీల మీద పెత్తనం చేసే ముకద్దం కాదు. ఆరు నెలలుగా పైసా లేదు, ఉత్తరమూ లేదు. కానీ తన నెత్తిన తానే భారం వేసుకునేవాడి మాటకు ఎదురు చెప్పేదెవరు? చేతులన్నీ లేచాయి. ఐదు పైసలు కట్టేవాళ్ల పేర్లు పై పట్టీలో, రెండు పైసలవాళ్లవి కింది పట్టీలో చేరాయి.

సంఘం అధ్యక్షుడు లక్ష్మీరాజం నికార్సయిన మనిషి. చివర్లో ఇంకో మాట కలిపాడు. "పై పట్టీల ఉన్న ఇండ్లకు మందులియ్యం. ఉన్నోళ్లు కొనుక్కుంటరు."

అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా! తెరవలేదు. రాజమల్లయ్య ఇంకా అతని వంకే చూస్తున్నాడు మరి.

వారం తిరక్కుండానే రాజమల్లయ్య మగ్గాలు తమ్ముళ్ల పేర్లకూ బావమరుదుల పేర్లకూ మారిపోయాయి. తనకు మిగిలినవి రెండేనని చెప్పి కింది పట్టీలోకి దిగాడు. మిగతా ఆసాములూ అదే దారి పట్టారు. పై పట్టీలో చివరికి ఐదు ఇళ్లు మిగిలాయి. మొదటి పేరు బుచ్చయ్యది.

మగ్గం మీద వచ్చే నాలుగు వందలు, రాని పదిహేను వందలు కలిపి అతని వంతు నెలకు తొంభై ఐదు రూపాయలు. మందులకంటే ఎక్కువ! మొదటి నెల రాగి బిందె అమ్మి కట్టాడు. రెండో నెల కొండవ్వే చెవుల కమ్మలు తీసి అతని చేతిలో పెట్టింది. మూడో నెల రోషం చంపుకుని లక్ష్మీరాజం ఇంటికి పోయాడు.

"అబద్ధమాడిన. నా కొడుకు తొమ్మిది నెలలసంది పైస పంపలే. కొండవ్వకు మందులిప్పియ్యి."

లక్ష్మీరాజం నిట్టూర్చాడు. "రాజమల్లయ్య గిట్లనే అన్నడు. కట్టే దినం రాంగనే అందరు గరీబులే. నువ్వు పెట్టిచ్చిన కానూనే గదా, బుచ్చన్నా. నువ్వే తప్పుతె ఎట్ల?"

"పోస్టుల అడుగు. ఒక్క మనియార్డరన్న వచ్చిందేమో."

"వచ్చేటోళ్ల చేతికిచ్చి పంపుతడని నువ్వే అంటివి గదనే."

నిజమే. అదీ తను చెప్పిన అబద్ధమే.

ఇంటికొస్తే కొండవ్వ మంచంలోంచే అడిగింది. "ఒప్పుకున్నరా?"

"ఒప్పుకున్నరు. వచ్చే నెలకెళ్లి మందులిస్తరు."

ఆ మాట నమ్మి ఆమె ఇరవై రెండు రోజులు ఎదురుచూసింది. ఇరవై మూడో రోజు పోయింది.

కబురందుకుని దత్తాత్రి పదకొండో రోజుకు వచ్చాడు. బస్సు దిగి వాడలో నడుస్తుంటే మొదట ఎవరూ పోల్చుకోలేదు. పోయినప్పటి మనిషిలో సగం లేడు. చేతిసంచిలో ఒక లుంగీ, ఒక దుప్పటి. గడపలో కూలబడి తల్లి దగ్గినట్టే దగ్గాడు. ముకద్దం ఎలా ఉన్నాడో వాడలో అందరూ చూశారు.

లక్ష్మీరాజం తల ఎత్తలేకపోయాడు. మర్నాడు పెద్దమనుషులను వెంటబెట్టుకొచ్చి, బుచ్చయ్య కట్టిన నూట తొంభై రూపాయలూ అతని చేతిలో పెట్టాడు. "తప్పయింది, బుచ్చన్నా."

అవి రెండు నెలల మందులకు మించిన డబ్బు. అందరికంటే వెనక రాజమల్లయ్య ఉన్నాడు. బుచ్చయ్య అతని మొహంలోకే చూస్తూ గొంతు పెంచాడు.

"నేను లేనోణ్ని. నా కొడుకుకు దగ్గుంది. కింది పట్టీల రాస్కోండ్రి."