హ్యాట్రిక్ ఫ్లెక్సీ

దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ల గల్లీ మొగదల రెండేళ్లుగా సింధు ఫ్లెక్సీ వేలాడుతూనే ఉంది: "ఓరియంటీరింగ్‌లో రాష్ట్ర ప్రథమ". మ్యాపూ దిక్సూచీ పట్టుకుని, పొదల్లో పెట్టిన జెండాలు వెతుక్కుంటూ పరిగెత్తే పోటీ అది. అందులో ఉండేది ముగ్గురే ఆడపిల్లలనీ, వాళ్లలో ఒకతి ప్రతిసారీ దారి తప్పేదనీ నాన్న పట్టాభి ఎక్కడా వేయించలేదు. అడిగినవాడూ లేడు. ఆ ఫ్లెక్సీ కింద నుంచి వెళ్లినప్పుడల్లా సింధు తల దించుకునేది.

ఈ ఆదివారం పెద్ద అంబర్‌పేట్ గుట్టల్లో జరిగిన మూడో ఏటి పోటీలో సింధు ఎన్నడూ లేనంత వేగంగా పరిగెత్తింది. తీరా చూస్తే ముగింపు గీత దగ్గర, కొత్తగా వచ్చిన బాటసింగారం పిల్ల రాణి అప్పటికే నీళ్లు తాగుతోంది. నాలుగు నిమిషాల తేడా!

"గా గుట్ట చుట్టూ తిరిగొచ్చినవా ఏంది? నేను మీదికెల్లి ఒచ్చిన," అంది రాణి.

సింధుకి నెత్తిమీది బరువు దించినట్టయింది.

"వచ్చే ఆదివారం ప్రాక్టీసుకి వస్తావా?"

"ఒస్త. ఎందుకు?"

"నీతో పరిగెత్తాలి."

ఇంతలో నాన్న ఫోన్. ఫలితం వినగానే ఆయన నీరుగారిపోయాడు. "హ్యాట్రిక్ అని నిన్ననే ఫ్లెక్సీ కొట్టించేశానమ్మా! ఇప్పుడెలా?"

"కట్టకు నాన్నా." సింధుకి నవ్వు ఆగలేదు. "సెకండొచ్చాను. ఈసారి నిజంగా వచ్చాను."