రెండో గేరు

ఆళ్లగడ్డలో శాంతయ్య మేస్త్రీ చెవికి తిరుగులేదు. బానెట్ ఎత్తకుండానే, వచ్చే బండి చప్పుడు విని జబ్బు చెప్పేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకుని నంద్యాలలో ఎలక్ట్రికల్ షాపు పెట్టుకున్న అన్సార్, జబ్బు కనుక్కోవడానికి మీటరు చేతబట్టిన పాపానికి ఒకప్పుడు ఆయనతో నానా చీవాట్లూ తిన్నవాడే. అలాంటి మనిషి తన పాత ఆల్టోను అద్దె డ్రైవరుతో తోలించుకొచ్చి, ఇంజను వేగం చూపే ఆర్పీఎం మీటరు బిగించమంటే అన్సార్‌కు నవ్వాగలేదు.

"ఏంది మేస్త్రీ, ఈ వయసులో రేసులకు పోతాండావా?"

శాంతయ్య నవ్వలేదు.

"నా మొగం చూసి మాట్లాడరా. చెవులు పోయి నాలుగేండ్లాయ, నీ పెదాలు కనపడాల."

నాలుగేళ్లు! మొన్న భార్య లూదియమ్మ చనిపోయేదాకా ఈయన బండి తోలుతూనే ఉన్నాడే. పక్క సీట్లో ఎప్పుడూ ఆమే. పెళ్లాం కొంగు వదలడని ఊరంతా ఎగతాళి చేసేది. అన్సార్ కూడా చేశాడు.

"మరి ఇన్నాళ్లు ఎట్ల తోల్తివి?"

"తోల్తిలే. నువ్వు పని చూడు."

లూదియమ్మ సమాధి ఆమె పుట్టినూరు గోస్పాడులో ఉంది. ప్రతి ఆదివారం తానే బండి తోలుకుని అక్కడికి పోవాలని ఆయన పట్టు. పెళ్లాం దగ్గరికి పోవడానికి కూడా ఇంకొకణ్ని బతిమాలుకోవాలా అన్నాడు.

మీటరుకు నాలుగు వైర్లు. మూడు తేలిగ్గానే కలిశాయి. నాలుగోదే అసలుది. ఇంజను కంప్యూటర్ నుంచి వచ్చే వైర్ల గుత్తిలో, ఇంజను తిరిగే లెక్క మోసే వైరును పట్టుకుని దానికి కలపాలి. పొరపాటున ఇంకోటి గెలికితే బండి మొండికేస్తుంది. అన్సార్ ఒక్కొక్కటే పరీక్షించి, దొరికినదాన్ని కొంచెం గీకి, సోల్డరింగ్ చేసి, టేపు చుట్టాడు. ఇంజను స్టార్ట్ చేయగానే ముల్లు లేచి ఎనిమిది వందల దగ్గర నిలబడింది.

"ముల్లు రెండున్నర వేలకు వస్తానే గేరు మార్చాల. అంతే మేస్త్రీ."

డ్రైవరును పంపేసి ఇద్దరూ ఆళ్లగడ్డ రోడ్డెక్కారు. మొదటి గేరు. ముల్లు రెండున్నర దాటింది, మూడు దాటింది, నాలుగు వేలకు వచ్చింది. శాంతయ్య దాన్ని చూస్తూనే ఉన్నాడు, గేరు మాత్రం మార్చడు. ఇంజను గొంతు చించుకుంటోంది. అరిచి లాభం లేదు. అన్సార్ గాభరాగా ఆయన ఎడమ మోకాలి మీద తట్టాడు.

తట్టీ తట్టకముందే కాలు క్లచ్ తొక్కింది. రెండో గేరు మెత్తగా పడింది.

శాంతయ్య బండి పక్కకు ఆపేసి, స్టీరింగ్ మీద తల పెట్టి, బావురుమన్నాడు.

"లూదియా ఇట్లనే తట్టేదిరా. ఇంజను ఆమె వినేది, గేరు నేను మార్చేటోన్ని. ముల్లు కనపడుతానే ఉంది. కాలే లేస్తల్యా. ఆమె చెయ్యి కోసం చూస్తాంది."

అన్సార్ ఆయన మొహం తనవైపు తిప్పుకున్నాడు.

"ఆదివారం నేనొస్తా మేస్త్రీ. పక్కన కూసుంటా."

"ఎన్ని ఆదివారాలొస్తావప్పా?" శాంతయ్య కళ్లు తుడుచుకున్నాడు. "దిగు. ఒక్కన్నే నేర్చుకోవాల."

అన్సార్ దిగాడు. కారు మొదటి గేరులోనే అరుచుకుంటూ పోయింది. మార్చు మేస్త్రీ, మార్చు అనుకుంటూ, అన్సార్ రోడ్డు పక్కన నిలబడి విన్నాడు. చాలా దూరం పోయాక చప్పుడు తగ్గింది. రెండో గేరు పడింది.

అప్పుడొచ్చింది అన్సార్‌కు ఏడుపు.